ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లలు

నాకు తెలియనిదంతా ఎరిగి కూడా నన్ను తన బిడ్డగా పిలుచుకున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఈ ఉదయం కళ్లు తెరిపించినందుకు, ఈ వయసులో పెన్ను పట్టుకుంటే వేళ్లు వణకకుండా కాపాడుతున్నందుకు, బతుకులో ఆయన ఇచ్చినదానికీ ఇవ్వకుండా ఆపినదానికీ ఆయనకే మహిమ. ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పడం చిన్నప్పుడే మా ఇంట్లో నేర్పారు. ఆపినదానికి చెప్పడం మాత్రం నాకు పోయిన నెలలో వచ్చింది, కరుణ భూస్థాపన రోజున. అందుకే ఇది రాస్తున్నాను.

కరుణ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ చేటలో చెయ్యి పెట్టాను కానీ రాయి ఏదో గింజ ఏదో కనిపించలేదు. ఒకే బెంచీ మీద కూర్చుని టీచర్ ట్రైనింగ్ చదివిన మనిషి ఆమె. ఆ తరువాత ఒకే ఊళ్లో ఉన్న ఏళ్లలో కూడా, పెళ్లిళ్లలోనో క్రిస్మస్ ఆరాధనలోనో ఎదురుపడితే "బాగున్నవా" అంటే "బాగున్న" అనుకోవడం తప్ప మేమిద్దరం సరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే వరంగల్‌లో మా చర్చి వెనకాల ఉన్న రెండు గదుల క్వార్టర్ దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న ఉపదేశి. పాస్టరు గారు ఊళ్లు తిరిగే రోజుల్లో సంఘాన్ని చూసుకోవడం, రోగుల దగ్గర ప్రార్థన చేయడం, పిల్లలకు వాక్యం నేర్పడం ఆయన పని. మొదట రఘునాథపల్లి వైపు ఊళ్లలో చేసి, నాకు ఊహ తెలిసే నాటికి ఈ క్వార్టర్‌కు వచ్చారు. సాయంత్రం అమ్మ లాంతరు గ్లాసు బూడిదతో తుడిచి వెలిగించగానే కిరసనాయిలు వాసన, దాని వెనకే అన్నం వార్చిన గంజి వాసన, పొయ్యి మీద కాల్చిన ఎండుమిరపకాయల ఘాటు, పచ్చిపులుసులో పిండిన చింతపండు. అందరం చాప మీద వరుసగా కూర్చునేవాళ్లం. కంచాల్లో అన్నం వడ్డించి ఉండేది, కానీ ఎవరూ ముట్టకూడదు. నాన్న ఒక్కొక్కరి వైపూ చూసేవారు. ఆ వారం వాక్యం తప్పు లేకుండా ఒప్పజెప్పినవాళ్లు చెయ్యి కడుక్కోవచ్చు. రానివాళ్లను నాన్న ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. కంచాన్ని ఒక జానెడు వెనక్కి జరిపేవారు, అంతే. అన్నం మీద ఆవిరి ఆరిపోతూ ఉంటే, పక్కనున్న అన్నయ్య తింటున్న చప్పుడు వింటూ, ఆ జానెడు దూరం చూస్తూ మళ్లీ మళ్లీ గొణుక్కోవాలి. నాకు వాక్యం రాని రోజుల్లో ఒక ఉపాయం కనిపెట్టాను. అన్నయ్య చెబుతున్నప్పుడు పెదవులు కదిలిస్తూ చివరి మాటలు మాత్రం గట్టిగా పలికేదాన్ని. నాన్నకు చూపు తగ్గుతున్న కాలం అది. చాలాసార్లు కంచం జరగకుండా తప్పించుకున్నాను. తెలియని సంగతిని దాచుకోవడం ఎలాగో నేను నేర్చుకున్నది వాక్యం చెప్పే చాప మీదనే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తలో నాకు ట్రైనింగులో సీటు వచ్చింది. అప్పటికే నాన్న కళ్లకు పొర కమ్మింది. దవాఖానలో ఆపరేషన్ చేసినా ఒక కంటికి చూపు రాలేదు, రెండో దానికి అక్షరాలు ఆనడం లేదు. ఉపదేశి చదవలేకపోతే సంఘం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? వేసవి సెలవుల తరువాత కొత్త ఉపదేశి వస్తాడని, క్వార్టర్ ఖాళీ చేయాలని పెద్దలు చెప్పారు. అందులో ఒక పెద్దాయన మాత్రం వరండాలో నాన్న చేతులు పట్టుకుని, "ఫికర్ చెయ్యకు ఉపదేశి గారూ. మన చర్చి స్కూల్ల ఒక టీచర్ జాగ ఖాళీ అయితాంది. మీ బిడ్డ ఎస్తేరు ఈసారి పాసై వచ్చిందంటే జాగ ఆమెదే, ఇల్లు మీదే. కొత్తాయనకు వేరే ఇల్లు చూస్తం" అన్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడి విన్నది. ఆ రోజు నుంచి నేను పుస్తకం పట్టుకుంటే అమ్మ నన్ను ఏ పనికీ లేపలేదు. నీళ్ల బిందె తనే మోసుకొచ్చేది. ఆ మౌనమైన మర్యాద నాకు కంచం జరిపినదానికంటే భయంగా ఉండేది.

ట్రైనింగులో సైకాలజీ సారు అభ్యసన సిద్ధాంతాలు చెప్పేవారు. గంట చప్పుడుకు చొంగ కార్చే కుక్క, బోనులోంచి బయటపడటానికి తప్పులు చేసి చేసి చివరికి గడియ తీసిన పిల్లి, కర్రకు కర్ర జోడించి అరటిపండు లాక్కున్న కోతి. కుక్క కథ చెబుతున్నప్పుడు నాకు నవ్వాగలేదు. అన్నం వాసన వస్తే వాక్యం నోట్లోకి వచ్చే ఇల్లు మాది. ఈ రోజుకీ ఎవరింట్లోనైనా అన్నం వార్చిన వాసన తగిలితే నా పెదవులు కదులుతాయి. "ఎందుకే నవ్వుతానవ్?" అని కరుణ మోచేత్తో పొడిచింది. చెప్పాను. ఆమె సారుకు వినబడకుండా, "కుక్కకు వచ్చె, పిల్లికి వచ్చె, కోతికి సుత వచ్చె చదువు. మనకే వస్తలేదు చూడు" అంది. అలాంటి మనిషి కరుణ. తల్లిలేని పిల్ల, కాజీపేటలో మేనమామ ఇంట్లో పెరిగింది. ఏ ఇంటికి వెళ్లినా పొయ్యి దగ్గర పీట లాక్కుని కూర్చునేది. మా అమ్మకు నాకంటే ఆమె అంటేనే చనువు.

సంసిద్ధత ఉంటేనే నేర్చుకుంటారు, సాధన చేస్తే నిలుస్తుంది, ఫలితం తృప్తినిస్తే మళ్లీ చేస్తారు. ఈ మూడు నియమాలు పరీక్ష కోసం బట్టీ కొట్టాం. కానీ ప్రాక్టికల్ పరీక్షకు మాత్రం వాటితో పని లేదని సీనియర్లు ముందే చెప్పారు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి వెనక బెంచీలో కూర్చుంటాడు, మనం పాఠం చెప్పాలి, పిల్లలు ఉత్సాహంగా జవాబులివ్వాలి. అందుకని ముందు రోజే అదే పాఠం అదే పిల్లలకు చెప్పి, ఏ ప్రశ్నకు ఎవరు ఏ జవాబివ్వాలో సిద్ధం చేసుకోవడం ఆనవాయితీ. దాంతోపాటు ఒక గుర్తు కూడా నేర్పేవాళ్లు. ప్రశ్న అడగగానే అందరూ చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. టీచర్ కుడి చేతులవాళ్లనే లేపుతుంది. వెనక కూర్చున్న మనిషికి మాత్రం క్లాసంతా చేతులే కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఎంతోమంది అట్లా పాసయ్యారు, ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

నాకు కనిపించింది. నేను గొప్పదాన్నని కాదు. ఆ పెదవులు కదిలించే పిల్ల ఇంకా నాలో ఉంది కనుక. ఆ గుర్తు విన్న రోజే నాకు తీర్పు రోజున ప్రభువు కుడివైపు నిలబెట్టే గొర్రెలు, ఎడమవైపుకు తోసేసే మేకలు గుర్తొచ్చాయి. తెలియని పిల్లలను మనమే మేకలుగా విడదీసి, వాళ్లను ఎవరూ అడగకుండా చూసుకోవడమన్నమాట. ప్రార్థన చేసుకుని, నేను చేయనని కరుణకు చెప్పాను. మేము పాఠాలు చెప్పడం సాధన చేసే కాశిబుగ్గ బడి వరండాలో, మగ్గాల చప్పుడు వినిపిస్తుండగా, మాకు ఆ రోజు పెద్ద గొడవ అయింది.

"నీకు పిచ్చి లేసిందా ఏందే? మీ నాయిన కన్ను చూసినవా? మీ అమ్మ బొక్కలరుగ నీళ్లు మోస్తాంది. నువ్వేమో ఇక్కడ పరిశుద్ధురాలి లెక్క నిలబడుతవా?"

"అబద్ధం చెప్పి పాసైతే ఆ ఇంట్ల నాకు అన్నం ఎట్ల దిగుతది, కరుణా?"

"అబద్ధం ఏంది? పాఠం ముందుగాల చెప్పుడు అబద్ధమా? గట్లయితే మీ నాయిన ఆదివారం ప్రసంగం శనివారమే తయారు చేసుకుంటడు గదా, అదీ అబద్ధమేనా?"

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. "నా క్లాసుకు నేను ఏమీ నేర్పను. దేవుడు చూసుకుంటడు" అన్నాను.

"దేవుడు చూసుకుంటడు సరే. మార్కులు ఆ సారు ఏస్తడు" అని చీర కొంగు విదిలించి వెళ్లిపోయింది.

పరీక్ష ముందు రోజు సాయంత్రం నేను పాఠ్యపథకం మీద సంతకం కోసం కాలేజీలో ఉన్నాను. మరునాడు నా వంతు మధ్యాహ్నం అనుకున్నది, పరీక్షాధికారి రాగానే వరుస మార్చి నాలుగో తరగతితో, నాతోనే మొదలుపెట్టారు. అట్టముక్కలతో చేసిన గుండ్రటి భిన్నాల పటాలు, సుద్దముక్కలు పట్టుకుని లోపలికి వెళ్లాను. పాఠం భిన్నాల కూడిక. పిల్లలంతా నేతపనివాళ్ల పిల్లలే. ఇంటి దగ్గర నూలు రంగులద్దే చోట తిరిగి చేతులకు ఊదా, పచ్చ మరకలు. వెనక బెంచీలో పరీక్షాధికారి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, ఒళ్లో ఫైలు. మొదటి ప్రశ్న అడిగాను. సగం పెద్దదా, పావు పెద్దదా?

క్లాసంతా చేతులు లేచాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఏమీ నేర్పకపోయినా దేవుడే ఈ పిల్లలను లేపాడనుకున్నాను. మొదటి వరుసలో సమ్మయ్యను లేపాను. లేచి నిలబడ్డాడు, నోరు తెరవలేదు. నా వైపు వింతగా చూస్తున్నాడు. కూర్చోబెట్టి సరోజను లేపాను. ఆమె తల దించుకుంది. ఇంకో పిల్లాణ్ణి అడిగాను. "రెండు కంటే నాలుగు పెద్దది గదా టీచర్, పావే పెద్దది" అన్నాడు. వెనకాల పెన్ను కదిలింది. అది కాగితం మీద గీరుకున్న చప్పుడు అంత దూరానికీ వినిపించింది. రెండో ప్రశ్న అడిగాను. మళ్లీ అడవిలా చేతులు. మళ్లీ సమ్మయ్య చెయ్యే అందరికంటే ఎత్తుగా ఉంటే, ఈసారి వచ్చి ఉంటుందనుకుని వాడి దగ్గరికి వెళ్లి లేపాను. వాడికి ఏడుపు వస్తున్నది. నాకు మాత్రమే వినిపించేలా, మోసపోయినవాడిలా అన్నాడు:

"నేను ఎడమ చెయ్యి ఎత్తిన గదా, టీచర్!"

అప్పుడు చూశాను. సగం చేతులు కుడివి, సగం ఎడమవి. కిటికీ బయట వరండాలో కరుణ నిలబడి తన కుడి చెయ్యి తట్టి చూపిస్తున్నది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఆమే వచ్చి నా పిల్లలకు గుర్తు నేర్పింది. పొద్దున నాకు చెబుదామనుకుంటే వరుస మారిపోయింది. నాకోసమే చేసింది. మా నాన్న కన్ను కోసం, మా అమ్మ బిందె కోసం చేసింది.

ఇప్పుడు గుర్తు పిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు. కుడి చేతులవాళ్లను లేపితే చాలు, మిగతా పాఠం నూనె రాసినట్టు నడుస్తుంది. ఇల్లు నిలబడుతుంది. నేను నేర్పలేదు కనుక నేను చేసిన పాపమూ కాదు. ఇంత తేలికగా శోధన ఎప్పుడూ రాలేదు నాకు. ప్రభువా అనుకున్నాను. కళ్ల ముందు సమ్మయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, ఎత్తిన ఎడమ చెయ్యి దించడం మరిచిపోయి. నా జన్మలో ఏ మనిషీ నాకు అంత నిజం చెప్పలేదు. నాకు తెల్వదు అని ఎత్తి చూపిస్తున్నాడు. వెనక్కి జరిగిన కంచం ముందు కూర్చుని నేను ఎన్నడూ చేయలేకపోయిన పని అది.

"ఎడమ చెయ్యి ఎత్తినోళ్లందరు ముంగటికి రాండ్రి" అన్నాను.

పిల్లలు బిత్తరపోయారు. వస్తే ఏం చేస్తానోనని ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మెల్లగా వచ్చి నల్లబల్ల ముందు నేల మీద కూర్చున్నారు. ఎందుకు రాదని అడిగితే సరోజ చెప్పింది, "మేం మేడారం జాతరకు పోయినం టీచర్. గప్పుడే భిన్నాలు అయిపోయినయి." చాలామంది సంగతి అదే. బండ్లు కట్టుకుని పోయి వచ్చేసరికి పాఠం దాటిపోయింది, వెనక్కి వచ్చి ఎవరూ చెప్పలేదు. అట్టముక్కలు పక్కన పెట్టేశాను. నా మధ్యాహ్నం డబ్బా తెరిచి జొన్నరొట్టె తీశాను. దాన్ని రెండు ముక్కలు చేసి ఒక సగం సమ్మయ్యకిచ్చాను. రెండో సగాన్ని మళ్లీ తుంచి ఒక ముక్క సరోజకిచ్చాను. "ఇప్పుడు చెప్పుండ్రి, నాలుగు పెద్దదే గదా, సరోజదే పెద్దముక్కనా?"

సమ్మయ్య తన ముక్క చూసుకున్నాడు, సరోజది చూశాడు. వాడి ముఖంలో వెలుగు రావడం నేను చూశాను. "కాదు టీచర్! ఎంతమందికి పంచితే గంత చిన్నగైతది!" అని అరిచాడు. వెనక వరుసలో ఎవడో, "గట్లయితే నాకు సగమే ఇయ్యి టీచర్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. రొట్టె అయిపోయేదాకా తుంచాం, కలిపాం, మళ్లీ తుంచాం. గంట కొట్టేసరికి కూడిక దగ్గరికి ఇంకా రాలేదు. పథకం ప్రకారం నేను నల్లబల్ల మీద రాయవలసిన లెక్కల్లో ఒక్కటి కూడా రాయలేదు.

పరీక్షాధికారి నన్ను బయటికి పిలిచాడు. "నీ పథకంలో ఉన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"కూడిక చెప్పాలె సార్. సగం మందికి భిన్నమంటేనే తెల్వదు."

"ప్రతి ప్రశ్నకూ క్లాసంతా చేతులెత్తింది కదా. తెలియదని నీకెలా తెలిసింది?"

నిజం పూర్తిగా చెబితే, మధ్యాహ్నం పాఠం చెప్పాల్సిన కరుణ అక్కడికక్కడే అయిపోతుంది. "వాళ్లే చెప్పిండ్రు సార్" అన్నాను.

"నిన్న వీళ్లకు ఎవరైనా తర్ఫీదు ఇచ్చారా?"

"నేను ఇయ్యలేదు సార్."

"మరి ఎవరు?"

వరండా స్తంభం వెనక కరుణ చీర అంచు కనబడుతోంది. ఆమె బయటికి రాలేదు. నేను పిలవలేదు. ఆయన ఫైలు మూసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కరుణ పాఠం ఎలా జరిగిందో నేను చూడలేదు. చాలా బాగా జరిగిందని తరువాత విన్నాను.

ఆ సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను. చాప మీద కూర్చున్నాం. అమ్మ వడ్డించింది. పచ్చిపులుసు వాసన, లాంతరు, అన్నం మీద ఆవిరి, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ వారం వాక్యం నాకు ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. నాన్న చూపు లేని కన్ను నా వైపు తిప్పారు. ఆయన చెయ్యి నా కంచం కోసం తడుముకుంటే, వెనక్కి జరుపుతారని నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కంచాన్ని నా ముందుకు జరిపారు. "ముందుగాల తిను బిడ్డా. వాక్యం యాడికి పోతది?" అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంట్లో వాక్యానికి ముందు అన్నం తిన్నది ఆ ఒక్క రోజే.

ఫలితాల్లో నేను ప్రాక్టికల్‌లో తప్పాను. కరుణకు ఫస్ట్ క్లాసు వచ్చింది. స్కూలు జాగ ఆమెకిచ్చారు. ఆమె మా ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర ఎప్పటి పీట మీదనే కూర్చుని ఏడ్చింది. "స్తంభం ఎనుకనే ఉన్ననే. కాళ్లు రాలేదే" అన్నది. నాన్న ఆమె తల మీద చెయ్యి పెట్టి, "జాగ వద్దనకు తల్లీ, చేరు" అన్నారు. వేసవి దాటాక మేము కాశిబుగ్గలో ఒక గది అద్దెకు తీసుకుని మారిపోయాం. క్వార్టర్‌లోకి కరుణ వచ్చింది. నేను మరుసటి ఏడు మళ్లీ పరీక్ష రాసి పాసయ్యాను. దూరం ఊళ్లలో ఉద్యోగం చేశాను, చివరి ఏళ్లలో వరంగల్‌కే తిరిగొచ్చి టీచర్ ట్రైనింగులో పిల్లలకు ఆ సిద్ధాంతాలే చెప్పాను. నాన్న ఆ అద్దె గదిలోనే, మగ్గాల చప్పుడులోనే ప్రభువు దగ్గరికి వెళ్లారు. క్షమించానని ప్రార్థనలో ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఆ క్వార్టర్ ముందు నుంచి వెళ్లవలసి వస్తే పక్క సందులోంచి వెళ్లేదాన్ని. నేర్చుకున్నది మరవడం నేర్చుకోవడంకంటే కష్టమని పుస్తకంలో ఉంది, అది నిజం.

ఇప్పుడు ట్రైనింగుకు వచ్చే పిల్లలు పాఠం ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. బోధనోపకరణాలు దుకాణంలో దొరుకుతున్నాయి. సిద్ధాంతాల పేర్లు మేము పలికినదానికంటే బాగా పలుకుతారు. కంచం వెనక్కి జరిపే తండ్రులు లేరు, ఉండకూడదు కూడా. కానీ తెలియకపోవడం అంటే ఉన్న భయం మాత్రం మా కాలంలో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దాచుకునే పద్ధతులు మారాయి, అంతే. పోయిన నెల దాకా నాకు అలాగే అనిపించేది.

కరుణ రిటైరయ్యాక కూడా ఆదివారం బడి విడిచిపెట్టలేదట. భూస్థాపన ఆరాధనలో ఆమె పిల్లలంతా ముందు చాపల మీద కూర్చున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు వాళ్లను ఓదార్చడానికి, "మీ టీచరమ్మ పోయిన ఆదివారం నేర్పిన వాక్యం ఎవరు చెప్తరు?" అని అడిగారు. అందరూ చేతులెత్తారు. కుడి చేతులు, వాటి మధ్యలో ఎడమ చేతులు. ఎడమవి ఏ మాత్రం సిగ్గు లేకుండా, కుడివాటికంటే ఎత్తుగా ఉన్నాయి. పాస్టరు గారు కుడి చెయ్యి ఎత్తిన ఒక పిల్లాణ్ణి లేపబోతే, ముందు వరుసలో చిన్న జడల పిల్ల ఒకతి కోపంగా లేచి నిలబడింది.

"అట్ల కాదు పాస్టర్ గారూ. గిది తెల్వని చెయ్యి. ముందుగాల మమ్మల్ని పిలవాలె. మాకు వచ్చినంక అందరం కలిసి చెప్పాలె. టీచర్ గట్లనే చేస్తది."

నా పక్కన కూర్చున్న కరుణ కూతురు మెల్లగా అంది, "బడిల సుత జిందగీ అంతా గట్లనే చేసింది పెద్దమ్మా. ఎవరు నేర్పిండ్రే అంటే, కాశిబుగ్గ బడి కిటికీల నుంచి చూసి నేర్చుకున్న అనేది."

అంటే ఆమె ఆ స్తంభం వెనకకు పోకముందు, కిటికీ దగ్గర పాఠమంతా నిలబడి చూసింది. నేను ఆ రోజు కూడిక దగ్గరికి రాలేదు, నిజమే. నాకు రావలసిన జాగ ఆమెకు వెళ్లింది, అదీ నిజమే. కానీ నేను నిలబడవలసిన ఆ తరగతి గదిలో, నేను చెప్పలేకపోయిన మిగతా పాఠాన్ని ఆమె తన ఉద్యోగమంతా చెబుతూ వచ్చింది, నాకు ఒక్క మాట చెప్పకుండా. ఆ ఇంటిని దేవుడు మా నుంచి ఎందుకు ఆపాడో నేను ఇన్నేళ్లు అడిగాను. జవాబు ఆ ఇంటి ముందు దారిలోనే ఉంది. నేనే ఆ దారిన పోలేదు.

ఆ రోజు ప్రార్థన మొదలవగానే నేనూ చెయ్యి ఎత్తాను, ఎడమది. తండ్రీ, నాకు క్షమించడం తెలియదు, తెలిసినట్టు ఇంతకాలం పెదవులు కదిలించాను, ముందు నన్నే పిలువు అన్నాను. ఇది చదువుతున్న మీకు కూడా తెలియనిదేదో, ఎవరికీ కనిపించకుండా దాచుకున్నదేదో ఉండే ఉంటుంది. పుస్తకం ఒక్క నిమిషం పక్కన పెట్టండి. ఆ చెయ్యే ఎత్తి, నాతో కలిసి ప్రార్థించండి.